పుట్టగొడుగు లాంటి ఉలి

రిటైరయ్యాక కిరండూల్‌లో ఆడపిల్లలకు ఇనుప పని నేర్పుతున్నాను. పోయిన వేసవిలో ఒకరోజు, సుత్తి దెబ్బలకు తల విచ్చుకున్న ఉలిని చూపించి, దాన్ని అరగదీయకుండా కొడితే ముక్కలు ఎగురుతాయని చెప్పాను.

"పుట్టగొడుగు లెక్కున్నది మేడమ్!" అని కొంటా నుంచి వచ్చిన సోమి నవ్వింది.

పని ఇంకా మొదలవలేదని ఎవరూ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోలేదు. నేను బీరువా వైపు తిరగగానే, "ఏందే, నిజంగనే ఎగురుతయా?" అంటూ ఆమె స్నేహితురాలు ఆ ఉలిని సుత్తితో కొట్టింది. ఎదురుగా నిలబడిన సోమి కుడికంట్లో ముక్క దిగింది. జగదల్‌పూర్ ఆసుపత్రిలో కన్ను తీసేశారు.

రెండు నెలలకు సోమి తిరిగొచ్చింది. వస్తూనే కళ్లద్దాలు అడిగింది.

"ఇంకోటి ఉన్నది కద మేడమ్, దానికి."

ఇప్పుడు పాఠం చెప్పడానికైనా సరే, అందరి కళ్లకూ అద్దాలు చూశాకే పనిముట్ల పెట్టె తెరుస్తాను.