గోడ దూకిన నీలి చొక్కా

నాకు తోడబుట్టిన అన్నదమ్ములు లేరు. కాజీపేటలో మా ఎదురింటి అన్నకే ఊహ తెలిసినప్పటి నుంచి రాఖీ కట్టేదాన్ని. కట్టించుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు. "గింత సన్నదా? పిసినారి చెల్లె దొరికింది నాకు" అని ఏడిపించేవాడు. ఆ మాట కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది.

ఒక మిట్టమధ్యాహ్నం ఎవడో మా వీధిలో ఒకావిడ మెడలో గొలుసు తెంపుకుని గోడ దూకాడు. నేను మేడమీద బట్టలు ఆరేస్తున్నాను. నాకు కనిపించింది వీపు, దాని మీద రైల్వే షెడ్డు వాళ్ల నీలి చొక్కా. పోలీసులు అడిగితే "అన్న లెక్కనే ఉండె సార్" అన్నాను. నా నోరు పడిపోను! తండ్రుల పాత యూనిఫాం చొక్కాలు తొడుక్కుని తిరగని మగపిల్లలు మా వీధిలో ఎవరున్నారు? ఆ పూట నేను ఆరేస్తున్న బట్టల్లోనే మా నాన్నది ఒకటుంది.

ఆ ఒక్క మాట మీద అన్నను పట్టుకుపోయారు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. వరంగల్ కోర్టులో నన్ను బోనెక్కించారు.

"మొఖం చూసినవా అమ్మా?" అన్నాడు అన్న తరఫు వకీలు.

"లేదు సార్."

"అతనే అని గట్టిగ చెప్పగలవా?"

"చెప్పలేను."

అనుమానానికి తావు లేకుండా నేరం రుజువు కాలేదని, ఆ సందేహపు లాభం ముద్దాయికే చెందుతుందని తీర్పొచ్చింది. అన్నను వదిలేశారు. పిచ్చిదాన్ని, అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఏడు రాఖీ పట్టుకుని వెళ్లాను. అన్న గుమ్మంలోనే నిలబడ్డాడు, చెయ్యి చాపలేదు.

"ఈడ జడ్జి లేడు, వకీలు లేడు. చెప్పు చెల్లె, నేను కాదని నమ్ముతున్నవా?"

నమ్ముతున్నానని చెప్పడానికే నోరు తెరిచాను. గోడ దూకుతున్న ఆ వీపు కళ్లముందు మెదిలింది. ఒక్క క్షణం తడబడ్డాను, అంతే.

"సమజైంది. పైలంగ పో" అని తలుపేసుకున్నాడు.

తర్వాత వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. ఎటు పోయారో ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం ఏటా రాఖీ కొంటూనే ఉన్నాను, దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే లావుది చూసి మరీ. కోర్టుకు రుజువు కావాలి, సరే. గుమ్మంలో నాకెందుకు కావాల్సొచ్చింది? గొలుసు తెంపింది అన్నో కాదో నాకిప్పటికీ తెలియదు. నాకు మా అన్న కావాలి.