మొదటి మంట

రేకు ఏదైనా సరే, డబ్బాల మేస్త్రి ముందు వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి విన్నాకే చేతిలోకి తీసుకుంటాడు. దుకాణం మూతపడి నాలుగు నెలలైనా ఆ అలవాటు పోలేదు. గ్యాస్ అయిపోయింది, మూడు రోజులుగా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు. చెత్తకుప్పలో దొరికిన రేకు నీళ్ల డ్రమ్ము కోసి, పాత ఫ్రిజ్ జాలీ అడుగున బిగించి, పెరట్లో పొయ్యి నిలబెట్టాడు. టేపు లేదు, జానలే కొలత. పిల్లల వేళ్లు తెగకుండా అంచులు మాత్రం లోపలికి మడిచాడు.

భార్య బియ్యం కడిగి గిన్నె తెచ్చింది.

"ఆగు. దీనికి జింకు పూత ఉంది. దాని విషపు పొగ పోవాలంటే ఒకసారి ఖాళీగా కాల్చాలి."

ఉన్న కట్టెలల్లా ఒక విరిగిన కుర్చీవే.

"ఏమయ్యా, ఉన్న నాలుగు పుల్లలూ ఖాళీ పొయ్యికి తినిపిస్తావా? పిల్లల మొహాలు చూడు!"

ఆ పొగ పీల్చి తోటి పనివాడు మంచం పట్టడం అతను కళ్లారా చూశాడు. "పిల్లల్ని తీసుకుని లోపల తలుపేసుకో," అన్నాడు. తెల్లటి పొగ లేచింది. కుర్చీ చివరి కాలు బూడిదయ్యేదాకా దూరంగా నిలబడ్డాడు.

తర్వాత పనిముట్ల సంచీ తెచ్చి విప్పాడు. సుత్తుల పిడులు ఊడదీశాడు. ఇరవై ఏళ్లుగా రేకు సొట్టపడకుండా కొట్టిన కొయ్యసుత్తిని కాసేపు అరచేతిలో తూచి, దాన్నీ పొయ్యిలో పెట్టాడు.

తలుపు తీసిన భార్య పొయ్యిలో కొయ్యసుత్తిని చూసింది. "రేపు పని దొరికితేనో?"

"ముందు గిన్నె పెట్టు."

కొయ్యసుత్తి చేవగల కర్ర. అన్నం ఉడికి దించాక కూడా ఇంకా మండుతూనే ఉంది.