బాషాకు వినపడని కీచు

తెనాలిలో బుర్రిపాలెం రోడ్డు మీద నాగూర్ బాషా షెడ్డు ఉంది. బ్రేకుల పని అంటే రేపల్లె నుంచీ బాపట్ల నుంచీ కూడా కార్లు అక్కడికే వచ్చేవి. బండి ఇంకా గేటు దగ్గర ఉండగానే ఏ చక్రం రాసుకుంటోందో చెప్పేస్తాడని అతనికి పేరు. ముప్పై నాలుగేళ్లుగా అదే పని.

పోయినేడు వానాకాలంలో అమృతలూరు నుంచి వసుంధర గారనే రిటైరైన టీచరు వచ్చి కారుకు ముందు బ్రేకు ప్యాడ్లు మార్పించుకున్నారు. నాలుగో రోజున తిరిగి వచ్చారు.

"కొత్తవి వేసిన దగ్గర్నుంచీ సన్నగా కీచుమంటోందండి. బ్రేకు తొక్కితే ఆగుతోంది, వదిలితే మళ్లీ వస్తోంది."

బాషా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అద్దాలు దించి రెండు మైళ్లు తిప్పాడు. అతనికి ఏమీ వినపడలేదు. కొత్త ప్యాడ్లు కదా, తిరిగితే సర్దుకుంటాయని చెప్పి పంపాడు. రెండు రోజులకే ఆవిడ మళ్లీ వచ్చారు. ఈసారి చక్రాలు ఊడదీసి, డిస్కులు తుడిచి, పిన్నులకు గ్రీజు పెట్టి మళ్లీ రోడ్డెక్కించాడు.

"ఇప్పుడు పోయిందామ్మా?"

ఆవిడ అతని ముఖంలోకి చూశారు. "లేదండి బాషా గారూ. ఇప్పుడు కూడా వస్తోంది. మీకు వినపడటం లేదా?"

బాషా బండి తిప్పి షెడ్డుకు తెచ్చాడు. కారు ఇక్కడే ఉంచి వెళ్లమన్నాడు.

మర్నాడు పొద్దున షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోంచి భార్య మున్నీ బీని పిలిచి కార్లో కూర్చోబెట్టాడు. ఆమె ఎన్నడూ గిరాకీల బండి ఎక్కి ఎరగదు. చప్పుడు వినపడినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచమని మాత్రం చెప్పాడు. కారు గేటు దాటకముందే ఆమె చెయ్యి లేచింది. బ్రేకు తొక్కితే దిగింది, వదిలితే లేచింది.

వెనక్కి తెచ్చి, జాకీ ఎత్తి, చక్రాలు ఒక్కొక్కటే చేత్తో తిప్పాడు. కుడివైపు ముందు చక్రం దగ్గర మున్నీ బీ చెయ్యి లేచింది. ప్యాడ్ అరిగినప్పుడు డిస్కుకు తగిలి కూత పెట్టడానికి దానికి ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది. బిగించేటప్పుడు అది లోపలికి వంగిపోయి అప్పుడే డిస్కును తాకుతోంది. వంచింది తన చేతులే. ఆ ప్యాడ్ తీసేసి కొత్తది జాగ్రత్తగా వేసి తిప్పాడు. ఆమె చెయ్యి లేవలేదు.

బాషా నేల మీద చతికిలబడ్డాడు. ఎప్పటి నుంచి ఇలా అయిందో తనకే తెలియదన్నాడు.

"నాకు తెలుసు," అంది మున్నీ బీ. "రెండేళ్ల నుంచి వంటింట్లోంచి పిలిస్తే మీరు పలకడం లేదు. నా మీద మనసు విరిగిందనుకున్నాను. అడగడానికి భయమేసింది."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

గుంటూరులో డాక్టరు పరీక్ష చేసి, ఇన్నేళ్ల గ్రైండర్ మోతకు సన్నటి శబ్దాలు వినే శక్తి పోయిందని, అది తిరిగి రాదని చెప్పాడు. చెవికి మిషను పెట్టించారు. ఇంట్లో మాటలు కాస్త తేటగా వినపడసాగాయి గానీ, షెడ్డులో పెట్టుకుంటే అన్ని చప్పుళ్లూ కలిసి ఒకటే హోరు.

వసుంధర గారికి జరిగింది దాచకుండా చెప్పాడు. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఆ రెండేళ్లలో ఏమీ లేదని చెప్పి తాను పంపేసిన బళ్లు అతనికి నిద్రలో కూడా గుర్తొచ్చేవి. నంబర్లు ఉన్నవాళ్లందరికీ మున్నీ బీ చేత ఫోన్లు చేయించి, బ్రేకులు ఇంకొకరికి చూపించుకోమన్నాడు. కొందరు నవ్వారు, ఒకాయన తిట్టాడు.

ఇప్పుడు బాషా ఆయిలు మారుస్తాడు, బ్యాటరీలు చూస్తాడు. మొన్న రేపల్లె నుంచి రంగనాయకులు అనే పాత గిరాకీ వచ్చి, నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోవద్దంటూ బ్రేకుల పని ముందు పెట్టాడు. బాషా చేతులు తుడుచుకుని, చీరాల నుంచి వచ్చి కొత్తగా షెడ్డు పెట్టినతనికి దారి చెప్పాడు. కారు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడి చూశాడు.