శుక్రవారం పొద్దుటి ఆటకు నేను మూసిన పిడికిలి

రెండేళ్ళ పాటు నేను మీ మధ్య దొంగలాగా కూర్చున్నాను, సహోదరులారా! మన తిరుత్తణి మందిరంలో ముందు వరుసలో చాప మీద కూర్చుని, ఆలస్యంగా వచ్చిన ఆడపిల్లలను కళ్ళతోనే గద్దించి, ముసుగు జారితే సర్దుకోమని సైగ చేసి, పాటల పుస్తకం అట్ట మడిచిన వాళ్ళను పేరు పెట్టి మందలించి, ఈ పెద్దమ్మ చాలా కట్టుదిట్టం అని అందరి చేత అనిపించుకున్నాను. లోపల మాత్రం ఒక అబద్ధాన్ని దాచుకుని, దాని మీదే కూర్చుని ఆరాధన చేశాను! అంత చీకటిలో ఉన్నదాన్ని ఆయన ఎట్లా పట్టి బయటకు లాగాడో చెప్పాలని ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. మనవరాలికి అరవం చదవడమే వచ్చు, తెలుగు రాయడం రాదు. అందుచేత వంట అయ్యాక రోజూ కొంచెం కొంచెం నా చేతితోనే రాశాను. అక్షరాలు తప్పుంటే పాస్టరయ్యను దిద్దమన్నాను, సంగతిని మాత్రం దిద్దవద్దని చెప్పాను.

మా ఆయన మగ్గం మీద ఉండగానే గుండె ఆగి పోయాక, ఇద్దరు పిల్లలతో నేను ఇక్కడి ఒక సినిమా థియేటరులో ఊడ్చే పనికి చేరాను. ముప్పై ఏళ్ళయింది, ఆ పనే మమ్మల్ని బతికించింది, దేవునికి స్తోత్రం! ఇన్నేళ్ళలో ఒక్క సినిమా చూడలేదు. ఆట అయిపోయి లైట్లు వేసిన తరువాతే చీపురు పట్టుకుని లోపలికి వెళ్ళేదాన్ని, ఆ సంగతి మీ ముందు గొప్పగా చెప్పుకున్నాను కూడా. తెర చూడలేదు గాని నేల చూశాను, అక్కడే శోధనలో పడ్డాను.

జనానికి సినిమా పట్టిందో లేదో నేల చెబుతుంది. విసుగు పుడితే మనిషి చేతులు ఊరికే ఉండవు, టికెట్టును చిన్న చిన్న ముక్కలుగా చించుతారు, శనక్కాయల పొట్టు గుట్టగా పోస్తారు, టీ కప్పు అంచు కొరికి కొరికి పారేస్తారు. సినిమా పట్టుకుంటే తినడమే మరిచిపోతారు, ఇంటర్వెల్‌లో కొన్న మురుకుల పొట్లం విప్పకుండానే సీటు కింద దొరుకుతుంది, టీ మీద మీగడ కట్టి ఉంటుంది. విప్పని పొట్లాన్ని పారేయడానికి నాకు చెయ్యి రాదు, లెక్కపెట్టి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేదాన్ని, అట్లా లెక్కపెట్టీ పెట్టీ ఏ సినిమా ఎన్నాళ్ళు ఆడుతుందో నాకు తెలిసిపోయేది.

మా మేనేజరుకు ఇది ఎట్లాగో అర్థమైంది. కొత్త సినిమా పడిన శుక్రవారం పొద్దుటి ఆట అయ్యాక టికెట్ల కిటికీ దగ్గర నిలబడి "ఏమక్కా, ఎన్ని వారాలు?" అని అడిగేవాడు. నేను నోటితో చెప్పేదాన్ని కాదు, చెయ్యి ఎత్తి వేళ్ళు చూపించేదాన్ని, ఒక్కో వేలికి ఒక్కో వారం. పిడికిలి మూస్తే ఆ సాయంత్రానికే బొమ్మ మార్చేయాలని అర్థం. చెన్నైలో కూర్చుని ఫోన్లలో బుకింగులు చూసి లెక్కలు వేసేవాళ్ళు కూడా పొరబడ్డారు గాని నా వేళ్ళు తప్పలేదు, సహోదరులారా! తిరువళ్ళూరు థియేటరు వాళ్ళు కూడా మా మేనేజరుకు ఫోను చేసి "మీ అక్క ఎన్ని వేళ్ళు చూపించింది?" అని అడిగేదాకా వచ్చింది. శుక్రవారం మన ఉపవాస కూడిక ఉన్నా, ముందు ఆ ఆట ఊడ్చి, చెయ్యి ఎత్తి, నలుగురూ ఆహా అన్నాకే వచ్చేదాన్ని, ఆలస్యమెందుకమ్మా అంటే మోకాలు నొప్పి అనేదాన్ని. ప్రభువు కొంచెం బుద్ధి ఇస్తే నేను దాన్ని కిరీటంలాగా తల మీద పెట్టుకున్నాను!

నా చెల్లెలు జయ తామరైపాక్కంలో ఉంటుంది. దాని కొడుకు శరవణ తొమ్మిదేళ్ళు చెన్నైలో సినిమా వాళ్ళ దగ్గర పని నేర్చుకుని, ఎవరెవరినో బతిమాలి, మన నేతవాళ్ళ బతుకు మీద ఒక చిన్న సినిమా తీయడానికి పూనుకున్నాడు. ఒక రోజు మా వీధికి వచ్చి, అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉండగా అడిగాడు.

"పెద్దమ్మా, నాలుగు దినాలు ఇల్లు ఇయ్యి. పెదనాయన మగ్గం ఉండాది కదా, అది నా కతకు కావల్ల."

"అంతంత లైట్లు ఏస్తే కరెంటు బిల్లు ఎవురు కడతారు రా?"

"నేనే కడతా. నీకు నమ్మకం లేకుంటే ఇప్పుడే మీటరు ఫోటో తీసి పెట్టుకో పెద్దమ్మా!"

అరుగు మీది ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. పిల్లవాడు సరదాకే అన్నాడు, కాని నా పిసినారితనం మీద నవ్వారని నాకు ఒళ్ళు మండింది. "నీ మొకానికి సినిమానా? తీసినా మూడు ఆటలు ఆడదు, పో!" అని అందరి ముందూ పిడికిలి మూసి చూపించాను. ఒక్క అడుగు కూడా తీయని సినిమాకు తీర్పు చెప్పేశాను, సహోదరులారా! వాడి మొహం చిన్నబోయింది, సరి పెద్దమ్మా అని వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం వీధి దాటి, టీ అంగడి దాటి, థియేటరు దాకా వెళ్ళింది.

వాడు వేరే ఎక్కడో మగ్గం దొరికించుకుని సినిమా ముగించాడు. మా థియేటరులోనూ తిరువళ్ళూరులోనూ ఒకే శుక్రవారం పడింది. పొద్దుటి ఆటకు యాభై మంది కూడా రాలేదు. ఆట విడిచాక వాళ్ళు బయటకు వస్తుంటే చప్పుడే లేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. సరే, నా మాటే నిజమైందని నేను లోపలికి వెళ్ళాను. వెళ్ళి నేల చూసి నిలబడిపోయాను!

చిరిగిన టికెట్టు ఒక్కటి లేదు. మీగడ కట్టిన టీ కప్పులు నిండుగా అట్లాగే ఉన్నాయి. విప్పని మురుకుల పొట్లాలు పదకొండు దొరికాయి, యాభై మంది కూడా లేని ఆటకు పదకొండు! ముప్పై ఏళ్ళలో అంతటి లెక్క నేను చూడలేదు. మూడో వరుస చివర ఒక ముసలామె ఇంకా కూర్చునే ఉంది.

"లెయ్యమ్మా, ఊడ్చల్ల" అన్నాను.

"ఉండమ్మా, కాళ్ళు లేసేది లే" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాకు తెలిసిపోయింది. ఈ సినిమా మెల్లగా అందుకుంటుంది, నాలుగైదు వారాలు కదలదు. తెలిసి కూడా ఆ పదకొండు పొట్లాలనూ సంచిలో అడుగున పెట్టి పైన గుడ్డ కప్పాను, టీలు పారబోశాను, నేలంతా శుభ్రంగా ఊడ్చేశాను. బయట మేనేజరుతో పాటు క్యాంటీను వాడు కూడా నిలబడి ఉన్నాడు. "ఏమక్కా, చెల్లెలి కొడుకని వేలు ఎత్తతావా, చెప్పిన మాట మీద ఉంటావా?" అని క్యాంటీను వాడు నవ్వాడు. ఆ ఒక్క నవ్వుకు ఓర్చుకోలేకపోయాను. వేలు ఎత్తితే వీధిలో నా మాట పోతుంది. పిడికిలి మూశాను.

సాయంత్రానికి బొమ్మ మారింది. తిరువళ్ళూరు వాళ్ళు ఫోనులో విని మరునాడు తీసేశారు. జయ తామరైపాక్కం నుంచి వ్యానులో ఇరవై మందిని తీసుకుని ఆ శుక్రవారం సాయంత్రం ఆటకే వచ్చింది. గేటు దగ్గర ఒకడు నిచ్చెన ఎక్కి వాళ్ళ బిడ్డ పోస్టరు మీద ఇంకో పోస్టరు అతికిస్తున్నాడు.

"అక్కా, పొద్దున లోపల నువ్వు చూసినావు కదా, నిజంగా జనానికి పట్టలేదా?" అని అడిగింది.

"పట్టలేదు" అన్నాను.

"సరే అక్కా, నువ్వు చూసినావంటే సరే" అంది. నన్ను తిట్టలేదు, అనుమానించలేదు, నమ్మింది! అది నమ్మడమే కాదు, ఆ మాటను తీసుకుపోయి కొడుకుకు చెప్పింది, వాడూ నమ్మాడు. నా పాపంలో అన్నిటికంటే బరువైనది అదే, సహోదరీలారా. సినిమా పోతే పోయింది, ఇంకొకటి తీసుకుంటాడు. కాని తన చేతికి పని రాదని వాడు నమ్మాడు. చెన్నై గది ఖాళీ చేసి వచ్చేశాడు, పట్టాభిరామ్‌లో ఒక కంపెనీలో అట్టపెట్టెలు కట్టే పనికి చేరాడు. ఎవరైనా మళ్ళీ సినిమా తీయరా అంటే "మా పెద్దమ్మ నేల చూసి చెప్పింది, ఇంక ఎవురు చెప్పల్ల?" అంటాడట. జయ ఫోనులో ఇది చెప్పి ఏడిస్తే, నేను ఏమన్నానో తెలుసా, నెల జీతం వస్తోంది కదా, మంచిదే అన్నాను! ఆ రాతి గుండె నాది.

పోయిన ఈస్టరుకు ముందు శ్రమల దినాలలో, ఒక ఉపవాస కూడికలో పాస్టరమ్మ పరీక్షలు రాసే ఒక ఆడపిల్లను నా ముందు మోకరించమని చెప్పి, నాతో నువ్వు ప్రార్థన చెయ్యమ్మా అంది. ఆ బిడ్డ తల మీద చెయ్యి పెట్టాను. నోటితో ప్రభువా ఆశీర్వదించు అంటున్నాను, మనసు మాత్రం ఆ బిడ్డ కొరుక్కున్న గోళ్ళను, నలిపి నలిపి ముడతలు పడ్డ కొంగును చూసి, ఇది పాసు కాదు అని పిడికిలి మూసేసింది! దేవుని సన్నిధిలో, ఒక బిడ్డ తల మీద చెయ్యి పెట్టి కూడా నేను నేల చూస్తున్నాను! చెయ్యి తీసేసి అక్కడే బోర్లా పడ్డాను. అందరూ ఆత్మావేశం అనుకున్నారు. కాదు, అది సిగ్గు. నేను చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, పదకొండు పొట్లాలు దాచినదాన్ని. నా చెల్లెలి కొడుకు బతుకును నేనే ఊడ్చి పారబోసినాను. నా నోరు తెరువు, నాకు సొంతంగా తెరిచేదానికి రాదు. మాట పోతే పోనీ, నన్ను విడిపించు నాయనా!"

సహోదరులారా, ఏ రోగమూ లేదు నాకు, నయమైందని చెప్పడానికి. కాని ఆ పూట లేచేసరికి, ముప్పై ఏళ్ళుగా మోసిన నా మాట, నా పరువు అనే బరువు దిగిపోయింది. మొదట మేనేజరు దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాను. "ఇప్పుడు చెప్తే ఏం చేసేది అక్కా? ఆ బొమ్మ ఇప్పుడు ఎవురికి కావల్ల, విడు" అన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి తామరైపాక్కం వెళ్ళాను. బస్సు తిరువళ్ళూరు స్టాండులో ఆగినప్పుడు దిగి వెనక్కి పోదామా అనిపించింది, ఆయనే కూర్చోబెట్టాడు.

జయ, శరవణ ఇద్దరూ ఉన్నారు. నిలబడే చెప్పాను. జయ నా మొహం కూడా చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది, మంచినీళ్ళు ఇవ్వలేదు, నేను అడగలేదు. శరవణ అడిగాడు.

"ఎన్ని పొట్లాలు అన్నావు?"

"పదకొండు."

"యాడ యాడ?"

చెప్పాను. నాలుగో వరుసలో మూడు, గోడ పక్కన రెండు, వెనక బెంచీల్లో ఆరు అని గుర్తున్నంతా చెప్పాను, ముసలామె సంగతీ చెప్పాను.

"ఆమె ఏ చోట ఏడ్చిందో తెలీదా పెద్దమ్మా?"

"నేను తెర చూడలేదు రా."

వాడు లేచి దొడ్లోకి వెళ్ళి నా వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. తిరిగి వచ్చి "రెండేండ్లు నాకేమీ రాదనుకున్నాను పెద్దమ్మా" అన్నాడు. అంతే. క్షమించానని అనలేదు, నేనూ అడిగే ధైర్యం చేయలేదు. బండి మీద బస్సు స్టాపు దాకా దించాడు. బస్సు కనబడ్డాక "మళ్ళా ఒగసారి చెప్పు, నాలుగో వరుసలో ఎన్ని?" అన్నాడు. మూడు అన్నాను. తల ఊపాడు.

దేవునికే మహిమ! ఇప్పుడు మేనేజరు వేళ్ళు చూపించమంటే, నాకు ఊడ్చేదే పని అంటున్నాను. శుక్రవారం పొద్దుటి ఆట ఊడ్చేది ఇంకొకామెకు వదిలి కూడికకు ముందుగా వస్తున్నాను. ఆ బిడ్డ పరీక్ష సంగతి నేను అడగలేదు, ప్రార్థన మాత్రం మానలేదు. జయ ఇంకా ఫోను చేయలేదు, అది దాని న్యాయం. శరవణ ఇంకా పట్టాభిరామ్ పనికే పోతున్నాడు, సెలవు రోజు మాత్రం నోటు పుస్తకం తీసి ఏదో రాసుకుంటున్నాడని వాళ్ళ పక్కింటామె చెప్పింది. వాడి పేరు మీ ప్రార్థనల్లో ఉంచండి, ఫలానా అవుతాడు అని మాత్రం ఎవరూ చెప్పవద్దు.

మంచి మాట తెలిసి కూడా నోట్లోనే దాచుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ప్రియులారా, పరువును చూసుకుని ఆగవద్దు. యేసయ్యను నమ్మి లేవండి, మీరు వెళ్ళే బస్సులో ఆయన కూడా వస్తాడు. నేను రెండేళ్ళు ఆలస్యంగా వెళ్ళాను. మీరు ఈ ఆదివారమే వెళ్ళండి.