సాసర్లో నాలుగు గంటల టీ

నేను స్పీచ్ పాథాలజిస్ట్‌గా చేరి అప్పటికి తొమ్మిదో ఏడు. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక రీహాబ్ సెంటర్. స్ట్రోక్ వచ్చినవాళ్లు హాస్పిటల్ నుంచి ఇంటికి వెళ్లేలోపు కొన్ని వారాలు మా దగ్గర ఉంటారు. నా ఉద్యోగం పేరు వినగానే మన పార్టీల్లో ఎవరో ఒకరు "మా అమ్మకి అమెరికన్ యాక్సెంట్ నేర్పిస్తారా?" అని అడుగుతారు. మాటలు నేర్పడం మా పనిలో సగమే. మిగతా సగం మింగడం నేర్పడం. స్ట్రోక్ తర్వాత కొందరి గొంతు తన పని మరిచిపోతుంది. కడుపులోకి పోవాల్సిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దాన్ని ఆస్పిరేషన్ అంటాం. అది న్యుమోనియాకి దారి.

నా మాటల్లో సగం కోసేసి వినమని మా ఆవిడ అందరికీ చెబుతూ ఉంటుంది. మిస్టర్ వాల్టర్ సంగతి మాత్రం కోయకుండా వినండి.

డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. ట్రెంటన్‌లో స్కూల్ బస్ నడిపి రిటైరయ్యాడు. విమానమంటే భయం కాబట్టి ఇంగ్లండ్ ఎప్పుడూ వెళ్లలేదు. కానీ నలభై ఏళ్లుగా మనసంతా అక్కడే కాపురం. మంచం మీద కూడా ఉన్ని టోపీ. క్రికెట్ రూల్స్ పుస్తకం చదివి నేర్చుకున్నాడట. మ్యాచ్ ఒక్కటీ చూడలేదు. అచ్చమైన జెర్సీ యాసలో "బ్లడీ", "రబ్బిష్", "మేట్" అంటూ ఉంటే నర్సులు నవ్వు ఆపుకోలేక కారిడార్‌లోకి పరుగెత్తేవాళ్లు.

మొదటి రోజు నేను పరాకుగా "పదండి, లిఫ్ట్‌లో కిందికి వెళ్దాం" అన్నాను. ఆయన వీల్‌చైర్ బ్రేక్ పట్టుకుని ఆపేశాడు.

"ఏమన్నావ్? లిఫ్టా?"

"సారీ, ఎలివేటర్."

"సారీ ఎందుకు మేట్! ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ఎవరైనా లిఫ్ట్ అనగా వినడం ఇదే. ఇంకా ఏమేం ఉన్నాయి నీ దగ్గర?"

ఏమున్నాయంటే, కాకినాడ కాన్వెంట్‌లో మా టీచరమ్మ నేర్పిన బ్రిటిష్ మాటలన్నీ ఉన్నాయి. టార్చి, పెట్రోలు, బిస్కెట్టు, క్యూ. అమెరికా వచ్చిన కొత్తలో ఒక్కొక్కటీ నాలుక మీంచి గీకి పారేశాను, ఆఫీసులో నవ్వుతారని. ఆయన రోజుకొకటి చొప్పున వెనక్కి రప్పించాడు.

"కారు వెనకాల సామాను పెట్టేదాన్ని మీరేమంటారు?"

"డిక్కీ."

"డిక్కీయా? బూట్ కదా?"

"బూట్ ఇప్పటివాళ్ల మాట. డిక్కీ దానికి తాత."

స్ట్రోక్‌తో కుడి చెయ్యి సరిగా లేవక, ఎడమ చేత్తో వంకరటింకరగా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆ వంకీలు చూస్తుంటే ఎందుకో నాకు మా బడి, చెక్క బల్ల, ఇంకు మరకలు గుర్తొచ్చాయి.

తిండితో ఇబ్బంది లేదు. మింగలేనివాళ్లకి కిచెన్‌లో అన్నీ మెత్తగా రుబ్బి పంపుతారు. దాన్ని ప్యూరీ డైట్ అంటాం. చూడగానే అందరూ మొహం తిప్పుకుంటారు. ఈయనకి మాత్రం రుబ్బిన పచ్చబఠాణీలు పెట్టి "మషీ పీస్" అన్నాను, ఉడికించి చిదిమిన బంగాళదుంప మీద గ్రేవీ పోసి "మ్యాష్" అన్నాను, కస్టర్డ్‌ని కస్టర్డ్ అనే అన్నాను. ప్లేటు నాకేశాడు. ఇంగ్లీషువాళ్ల వంట సగం మా డిపార్ట్‌మెంటే కనిపెట్టిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

చిక్కు వచ్చింది టీతో. పల్చటివి ఏవి తాగినా ఆస్పిరేషనే. అందుకని థికెనర్ అనే పొడి కలిపి చిక్కగా చేసి ఇవ్వాలి. ఆ టీలో స్పూను నిలబెడితే జెండా కర్రలా నిలబడుతుంది. ఒక్క గుటక వేసి కప్పు పక్కకి నెట్టేశాడు.

"ఇది టీ కాదు. వాల్‌పేపర్ అంటించే జిగురు."

ఆ తర్వాత నీళ్లు, జ్యూసు, ఏది చిక్కబరిచి ఇచ్చినా ముట్టలేదు. నాలుగు రోజుల్లో పెదవులు పగిలాయి, సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. డాక్టర్ చెప్పేసింది: శుక్రవారంలోగా తాగడం మొదలుపెట్టకపోతే పొట్టలోకి ఫీడింగ్ ట్యూబ్. కూతురు లిండా రెండు ఉద్యోగాలు చేస్తుంది. ట్యూబ్ పెడితే ఇంట్లో చూసుకోవడం తనవల్ల కాదు, నర్సింగ్ హోమ్‌కి పంపాల్సిందే. "నాన్నకి ఆ ఇల్లు, సాయంత్రం నాలుగింటి టీ, అంతే జీవితం" అని కారిడార్‌లో నిలబడి కళ్లు తుడుచుకుంది.

మా దగ్గర చిన్ టక్ అనే ఉపాయం ఉంది. గడ్డం ఛాతీకి ఆనించి, చిన్న చిన్న గుటకలుగా మింగడం. అలా చేస్తే కొందరికి గాలిగొట్టం దారి ఇరుకై, నీళ్లు సరైన దారిన పోతాయి. మొదటి రోజు నుంచీ నేర్పుతూనే ఉన్నాను. ఫలితం సున్నా. లిండా ఇంటి నుంచి తెచ్చిన పింగాణీ కప్పు అందుకోగానే చిటికెనవేలు లేస్తుంది, గడ్డం ఆకాశానికి లేస్తుంది, పెద్ద గుటక పడుతుంది, దగ్గు.

"తల వంచండి, మిస్టర్ వాల్టర్."

"జెంటిల్మన్ టీ ముందు తల వంచడు."

బుధవారం లంచ్ రూమ్‌లో నా టీ మరీ వేడిగా ఉంది. అలవాటుగా ప్లేటులో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాను. మా పెదనాన్న అలాగే తాగేవాడు. అరుగు మీద కూర్చుని, సాసరు రెండు చేతులా పట్టుకుని, మీద వంగి సర్రుమని పీల్చేవాడు. సాసరుతో తాగాలంటే తల వంచక తప్పదు. గుటక పెద్దది వేద్దామన్నా పడదు. నా ప్లేటు అక్కడే వదిలేసి పరుగెత్తాను.

"సాసర్లోనా? ఛీ! మోటు పని" అన్నాడు వాల్టర్.

అప్పుడు నోరు విప్పాను. మా ముత్తాత కాకినాడ కలెక్టర్ బంగళాలో బట్లర్ అన్నాను. ఆ కలెక్టర్ దొర లార్డు గారి మూడో కొడుకన్నాను. ఆయన సాసర్లో తప్ప తాగేవాడు కాదని, వాళ్ల వంశంలో కప్పు ఎత్తి తాగేవాళ్లని గుమాస్తాల్లా చూసేవాళ్లని అన్నాను. చప్పుడు ఎంత గట్టిగా వస్తే అంత మర్యాద అని కూడా కలిపాను. మా ముత్తాత కొబ్బరికాయల వ్యాపారి. దొర అన్నవాణ్ని కంటితో చూసి ఎరుగడు.

వాల్టర్ చాలాసేపు నా మొహంలోకి చూశాడు. "చప్పుడు కూడానా?"

"చప్పుడే ముఖ్యం."

గురువారం బేరియం స్వాలో అనే పరీక్ష పెట్టించాను. బేరియం కలిపిన టీ తాగుతుంటే గొంతులో అది ఎటు పోతుందో ఎక్స్‌రే వీడియోలో కనబడుతుంది. సీసం ఏప్రన్ వేసుకుని తెర ముందు నిలబడ్డాను. ఆయన సాసరు మీదికి వంగాడు. గడ్డం ఛాతీకి తగిలింది. గది దద్దరిల్లేలా సర్రుమన్నాడు. తెర మీద నల్లటి గీత గొంతు దిగి, ఒక్క క్షణం ఆగి, గాలిగొట్టాన్ని తప్పించుకుని అన్నవాహికలోకి జారింది. ఇంకో గుటక, ఇంకోటి. పదికి పదీ అటే.

అద్దం అవతల లిండా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ట్యూబ్ మాట పోయింది. నిటారుగా కూర్చుని, పక్కన మనిషి ఉండగా, సాసర్లో అయితే ఏదైనా తాగొచ్చని డాక్టర్ ఆర్డర్ రాసింది. రెండు వారాల తర్వాత డిశ్చార్జ్. కారెక్కించడానికి నేనే వెళ్లాను. సామాను డిక్కీలో పెట్టించాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ కలెక్టర్ ఎవడూ లేడు కదూ?"

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు చప్పుడే ముఖ్యం అన్నప్పుడు. నలభై ఏళ్లు స్కూల్ బస్ నడిపాను మేట్. అబద్ధమాడేవాడి మొహం అద్దంలో చూసే పట్టేస్తాను."

"మరి ఎందుకు తాగారు?"

"ట్యూబ్ పెడతామని అందరూ నన్ను భయపెట్టారు. నా టీ నాకు దక్కాలని కథ అల్లింది నువ్వొక్కడివే."

ఆ రోజు చార్టులో "పేషెంట్‌కి మింగే పద్ధతి వివరించడమైనది" అని రాశాను. కథ చెప్పడమైనదని రాయడానికి ఫారంలో గడి లేదు. అప్పటి నుంచి కొత్త పేషెంట్ వస్తే గొంతు పరీక్ష తర్వాత చేస్తాను. ముందు కుర్చీ లాక్కుని అడుగుతాను: సాయంత్రం నాలుగింటికి మీ ఇంట్లో ఏం తాగుతారు, ఎందులో తాగుతారు, ఎలా కూర్చుని తాగుతారు? ఈ ప్రశ్నకి జవాబు చెప్పనివాళ్లు ఇంతవరకు నాకు తగల్లేదు.