గురిముల్లు

మంగళవాడ చుట్టుపక్కల అడవిపందుల నుంచి చేను కాచుకునే పాతకాలపు తుపాకీ గురి తప్పితే, రైతులు హనుమంతరాయప్ప దగ్గరికే తెస్తారు. గొట్టం కొసన గురి చూసుకునే చిన్న ముల్లుకు ఇత్తడి ముక్క ఆనించి, పసిబిడ్డను జోకొట్టినంత మెల్లగా సుత్తితో తడతాడు. గుండు ఎడమకు పోతుంటే ముల్లునూ ఎడమకే జరపాలి. వయసులో ఉండగా ఒకసారి తొందరపడి కుడికి జరిపాడు. ఆ వేకువన పందిని కొట్టబోతే, దానికి ఎడమపక్క డప్పు కొడుతూ అదిలిస్తున్న తమ్ముడు గుండు తగిలి కూలిపోయాడు; కింద మట్టి నెత్తురుతో తడిసింది. ఆ చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. కంచె దాటి ఎవరినీ పోనివ్వరు.

నిన్న హనుమంతరాయప్ప, రంగనాథ అనే రైతు తెచ్చిన తుపాకీని సరిచేసి, గుట్టకు ఆనించిన రేకును కాల్చి చూశాడు. నట్టనడుమ బొక్క పడింది.

"భలే కొట్నావు మామా!" అంటూ రంగనాథ రేకు దగ్గరికి పరుగెత్తాడు. హనుమంతరాయప్ప మాత్రం రేకుకు ఎడమపక్క, బారెడు దూరంలో ఖాళీ నేల మీద కూలబడి మట్టిని తడుముతున్నాడు.

"ఆడ ఏముండాది మామా?"

"ఏం లేదప్పా," అన్నాడు, అరచెయ్యి ఎండలో తిప్పి చూసుకుంటూ. "ఈపొద్దు పొడిగానే ఉండాది."