గోడ నుంచి ఊడిన గొట్టం

విద్యుత్ సంస్థ అధికారులకు: శ్రీమతి వెర్నా స్టకీ గారి వయస్సు ఎనభై ఒక్క సంవత్సరాలు. ఈ లోయలో ఆమెను నలభై ఆరేళ్లుగా ఎరుగుదును.

పడీపడగానే గడ్డకట్టే వానకు కొమ్మ విరిగి తీగమీద పడి, గోడకున్న గొట్టం ఊడి, ఆమె ఇంటికి కరెంటు పోయి పదకొండు రోజులైనది. నిన్న లైన్‌మన్ రాగానే కట్టెల పొయ్యిమీద కాచిన కాఫీ అందించారు.

అతడు గోడ చూసి, "తీగ మాది మామ్మా. తీగను పట్టి ఉంచే ఈ గొట్టం మీది. ఎలక్ట్రీషియన్‌ను పెట్టి బిగించుకోండి," అన్నాడు.

"ఊడబెరికేటప్పుడు ఎవరిదని మంచు అడిగిందా, నాయనా?"

"కాఫీ బాగుంది మామ్మా," అని అతడు వెళ్లిపోయాడు.

ఎలక్ట్రీషియన్లు మార్చి దాకా రాలేమన్నారు. ఇల్లు కదలనని మొండికేసిన భర్త ఓడెల్ గారికి, కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం ఆగిపోగా, ఆక్సిజన్ సిలిండరు ఒక్కటే మిగిలినది. ఎంత మిగిలిందో చూపే దాని మీటరు ముల్లు వంక చూడడం ఆమె మానుకున్నారు.

కావున, నియమం సడలదని తెలిసినా, ఆ గొట్టాన్ని తమ సిబ్బంది చేతనే బిగింపించవలసిందిగా ఆమె తరఫున సవినయంగా కోరుతున్నాను.